అమ్మగారి ఫిల్మ్ కెమెరా: వెనక మూత ఇంకా తెరవకండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆవిడ బీరువా సర్దుతుంటే పెంటాక్స్ కె1000 కెమెరా తోలు కవరుతో సహా దొరికింది. ఎన్ని ఫోటోలు తీశారో చూపే కౌంటర్ 24 దాటి ఆగి ఉంది, ఫిల్మ్‌ని ముందుకు జరిపే లివర్ కదలడం లేదు, లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి, రీలు ఉందో లేదో తెలీదు. మీ తమ్ముడేమో ఎలాగూ ఎవరూ వాడరు, అమ్మేద్దాం అంటున్నాడు. ఇంట్లో ఫోటోలన్నీ అమ్మే తీశారు కాబట్టి ఆవిడ ఉన్న ఫోటోలు మాత్రం చాలా తక్కువని కూడా రాశారు. ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

వెనక మూత తెరవకండి. తుడవకండి కూడా. నేను పాత కెమెరాలు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, అమ్మదో నాన్నదో కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లలో సగానికి పైగా ఈ రెండు పనులూ అప్పటికే చేసేసి ఉంటారు. రెండూ ప్రేమతోనే చేస్తారు. మొదటిదానివల్ల ఫోటోలు పోతాయి, రెండోదానివల్ల ఆవిడ కెమెరాని ఆఖరిసారి ఎలా వదిలారో చెప్పే ఆనవాళ్లు పోతాయి. ఒకవేళ ఎవరైనా ఇప్పటికే ఒక క్షణం తెరిచి మూసేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోకండి. ఫిల్మ్ లోపల గట్టిగా చుట్టుకుని ఉంటుంది, వెలుతురు తగిలేది ముఖ్యంగా పై చుట్టలకి. పై చుట్టల్లో ఉండేవి చివర తీసిన ఫోటోలు, మొదట తీసినవి లోపలి చుట్టల్లో చాలావరకు భద్రంగానే ఉంటాయి. అందుకని తెరిచారని తెలిసినా ఆ రీలు పారేయొద్దు.

ఇప్పుడు ఫోను తీసుకుని కెమెరాకే నాలుగు వైపులా ఫోటోలు తీయండి. షట్టర్ (ఫిల్మ్ ముందు క్షణంసేపు తెరుచుకునే తెర) వేగం పెట్టే డయల్ ఏ అంకె దగ్గర ఉంది, అదే డయల్‌లో చిన్న కిటికీలో కనిపించే ఏఎస్ఏ అంకె (ఫిల్మ్ వేగం) ఎంత, లెన్స్ మీద అపెర్చర్ (లోపలి రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె) ఎంత, దూరం రింగు ఎక్కడ ఆగి ఉంది, కౌంటర్ ఎంత, ఇవన్నీ స్పష్టంగా పడాలి. కె1000లో ఆటోమేటిక్ అనేదే లేదు, 1976 నుంచి 1997 దాకా అలాగే తయారుచేశారు, ప్రతి అంకే మనిషి చేత్తో పెట్టాల్సిందే. కాబట్టి ఇప్పుడు దాని మీద ఉన్న అంకెలు చాలావరకు అమ్మగారు ఆఖరి ఫోటో కోసం పెట్టినవి. అపెర్చర్ ఎఫ్2 దగ్గర, దూరం ఒకటిన్నర మీటర్ల దగ్గర ఉంటే వెలుతురు తక్కువున్న గదిలో ఎదురుగా కూర్చున్న మనిషిని తీశారనుకోవచ్చు. ఎఫ్11, దూరం అనంతం దగ్గర ఉంటే ఆరుబయట ఎండలో తీశారు. షట్టర్ 60 దగ్గర ఉంటే ఫ్లాష్ వాడి ఉండొచ్చు, ఈ కెమెరాలో ఫ్లాష్ కలిసేది అక్కడే. ఏఎస్ఏ అంకె ఆవిడ ఏ వేగం ఫిల్మ్ వేశారో చెబుతుంది, ఇది తర్వాత ల్యాబ్‌కి కూడా పనికొస్తుంది. మధ్యలో ఎవరైనా పిల్లలు తిప్పి ఉండే అవకాశం లేకపోలేదు, అయినా ఒకసారి తిప్పేశాక ఇక తెలుసుకునే దారి ఉండదు కాబట్టి ముందు నమోదు చేసుకోండి. తోలు కవరు లోపల, స్ట్రాప్ ప్యాడ్ కింద, ఫిల్మ్ డబ్బాల మూతల మీద కూడా చూడండి. చాలామంది తేదీలు, పేర్లు చిన్న కాగితాల మీద రాసి అక్కడే దాచేవాళ్లు.

ఇక రీలు సంగతి. 24 దాటిన కౌంటర్, కదలని లివర్, ఈ రెండూ కలిపి చూస్తే నాకైతే 24 ఫోటోల రీలు పూర్తిగా అయిపోయి, చుట్టకుండా అలాగే ఉండిపోయిందనిపిస్తోంది. 24 రీల్లో ఒకటి రెండు ఫోటోలు ఎక్కువే వస్తాయి, ఆ తర్వాత ఫిల్మ్ చివర బిగుసుకుని లివర్ సగంలో ఆగిపోతుంది. మూత తెరిస్తే కౌంటర్ మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది కాబట్టి, అది 24 దాటే ఉందంటే ఆ రీలు మొదలయ్యాక ఎవరూ తెరవలేదనే అర్థం. మరో అవకాశం, షట్టర్ ఇప్పటికే ఎక్కించి, అంటే లివర్ లాగి తర్వాతి ఫోటోకి సిద్ధం చేసి, ఉండటం. అప్పుడూ లివర్ కదలదు. ఇది తేల్చుకోవాలంటే లెన్స్‌కి మూత పెట్టి ఒకసారి బటన్ నొక్కండి. షట్టర్ ఎక్కి ఉంటే పడుతుంది, మూత ఉంది కాబట్టి తీసిన ఫోటోలకి ఏ హానీ ఉండదు. ఏది జరిగినా లివర్‌ని బలవంతంగా లాగొద్దు, ఏళ్ల తరబడి ఎండిన ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది, పక్కనున్న చిల్లులు చిరిగిపోతాయి, ఒక్కోసారి ఫిల్మే తెగిపోతుంది.

ఎడమ చేతి వైపు పైన గుండ్రటి నాబ్ ఉంటుంది, దాని మీద మడత పెట్టిన చిన్న పిడి. పిడిని మాత్రమే విప్పండి, నాబ్‌ని పైకి లాగొద్దు, లాగితే వెనక మూత తెరుచుకుంటుంది. ఈ కెమెరాలో మూత తెరిచే పద్ధతే అది, చాలా రీళ్లు అలాగే పాడవుతాయి. పిడిని బాణం గుర్తు వైపు రెండు వేళ్లతో మెల్లిగా తిప్పండి. కొంచెం వదులుగా తిరిగి తర్వాత బిగుసుకుంటే లోపల ఫిల్మ్ ఉంది. అక్కడితో ఆపండి. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే రీలు లేకపోవచ్చు, లేదా ఆవిడే చుట్టేసి తీయకుండా వదిలేసి ఉండొచ్చు, లేదా ఫిల్మ్ లోపల తెగి ఉండొచ్చు. అందుకే పిడి ఊరికే తిరిగినా వెలుతుర్లో తెరవొద్దంటాను.

బిగుసుకుంటే, కెమెరాని తిరగేసి అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కండి, అది నొక్కితేనే ఫిల్మ్ వెనక్కి వెళ్లడానికి దారి ఇస్తుంది. ఇప్పుడు పిడిని బాణం వైపు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిప్పుతూ పోండి. గబగబా తిప్పితే పొడి వాతావరణంలో ఫిల్మ్ రాపిడికి చిన్న చిన్న విద్యుత్ మెరుపులు పుడతాయి, అవి ఫోటో మీద చెట్టుకొమ్మల్లా అచ్చు పడతాయి. మొత్తం చుట్టేశాక ఒక్కసారిగా పిడి తేలికైపోతుంది. ఆ తర్వాత ఇంకొన్ని చుట్లు తిప్పి, చీకటి గదిలో కాకపోయినా కనీసం నీడలో మూత తెరిచి రీలు తీయండి. మధ్యలో ఎక్కడైనా గట్టిపడితే మాత్రం అక్కడే ఆపేసి, ఫిల్మ్ కడిగే ల్యాబ్‌కి కెమెరానే తీసుకెళ్లండి. వాళ్లు చీకటి గదిలోనో, చేతులు దూర్చే నల్ల సంచిలోనో తెరిచి తీస్తారు. వాళ్లకి ఇది రోజూ ఉండే పనే, మొహమాటపడాల్సింది లేదు.

రీలు చేతికొచ్చాక దాని మీద ఏం రాసుందో చూడండి. ఇప్పుడు నిర్ణయాలన్నీ ఆ నాలుగు అక్షరాల మీదే. సి-41 అని ఉంటే మామూలు రంగుల నెగెటివ్. కొడాక్ ఈ పద్ధతిని 1972లో తెచ్చింది, ఇప్పటికీ అన్ని ల్యాబ్‌లూ వాడేది అదే. ఇ-6 అని ఉంటే స్లయిడ్ ఫిల్మ్, దీన్ని కడిగేవాళ్లు తక్కువైనా ఉన్నారు. కొడాక్రోమ్ అనో, కె-14 అనో ఉంటే రంగుల్లో కడగడం ఇక ఎక్కడా కుదరదు. ఆ ఫిల్మ్ తయారీ 2009లో ఆగింది, దాన్ని కడిగిన ఆఖరి ల్యాబ్, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోవడం మానేసింది. కానీ నలుపు తెలుపుల్లో కడిగించొచ్చు, బొమ్మ వస్తుంది. సి-22 అనే ఇంకా పాత పద్ధతి ఫిల్మ్‌కీ ఇదే దారి. రీలు డబ్బా మీద నలుపు, వెండి రంగు గళ్లు ఉంటే అది 1983 తర్వాతది, ఆ గళ్ల కోడ్ వచ్చింది అప్పుడే.

ఫోటోలు వస్తాయా అంటే, వచ్చే అవకాశం మీరనుకునేదానికంటే ఎక్కువే ఉంది, కానీ ఎలా వస్తాయన్నది వేరే సంగతి. వెలుతురు తగిలినచోట ఫిల్మ్‌లోని వెండి లవణపు స్ఫటికాల మీద కొన్ని వెండి అణువుల గుంపు ఏర్పడుతుంది, కంటికి కనిపించని బొమ్మ అదే, కడిగినప్పుడు ఆ గుంపు ఉన్న స్ఫటికాలే నల్లబడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గాలి, తేమ వల్ల ఆ గుంపులు కొన్ని చెదిరిపోతాయి. మరోవైపు వేడి వల్ల, చుట్టూ ఎప్పుడూ ఉండే సహజ రేడియేషన్ వల్ల వెలుతురు తగలని స్ఫటికాలు కూడా కొద్దికొద్దిగా చెడతాయి. అంటే బొమ్మ పలచబడుతుంది, వెనక మసక పెరుగుతుంది. 100 వేగం ఫిల్మ్ కంటే 400 ఫిల్మ్ తొందరగా మసకబారుతుంది, నలుపు తెలుపు ఫిల్మ్ రంగుల ఫిల్మ్ కంటే ఎక్కువకాలం తట్టుకుంటుంది, చల్లటిచోట ఉన్నది వేడిలో ఉన్నదానికంటే చాలా మేలు. పాత ఫిల్మ్ ఎంతకాలం తట్టుకోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1897లో స్వీడన్‌కి చెందిన ఆండ్రే అనే సాహసయాత్రికుడు, ఇద్దరు తోటివాళ్లతో కలిసి హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో చనిపోయారు. 33 ఏళ్ల తర్వాత, 1930లో, క్విటోయా దీవిలో వాళ్ల ఆఖరి మకాం దొరికింది. అందులో ఆ ముగ్గురిలో ఒకరైన నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ తీసిన, కడగని ఫిల్మ్ కూడా ఉంది. జాన్ హెర్ట్స్‌బెర్గ్ అనే ఆయన దాన్ని జాగ్రత్తగా కడిగి, 240 ఫ్రేముల్లో 93 కాపాడగలిగాడు. మంచుగడ్డల్లో ఉండటం వాళ్ల ఫిల్మ్‌కి కలిసొచ్చింది. మీ రీలు బీరువాలో ఉంది కాబట్టి అంత చలువ దొరకలేదు, కానీ చీకటి దొరికింది, కదలకుండా ఉంది.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు మూడు సంగతులు గట్టిగా చెప్పండి. ఇది సుమారు ఎన్నేళ్ల పాతదో చెప్పండి, పెద్ద మిషన్‌లో కాకుండా చేత్తో ట్యాంకులో కడగమనండి, ఎందుకంటే పెళుసుబారిన ఫిల్మ్ మిషన్ రోలర్లలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. నెగెటివ్‌లు ఖచ్చితంగా తిరిగి ఇవ్వమనండి, ఈ రోజుల్లో స్కాన్‌లు పంపేసి నెగెటివ్‌లు పారేసే ల్యాబ్‌లు ఉన్నాయి. మూడోది, రంగుల్లో కడగాలా నలుపు తెలుపుల్లోనా అన్నది వాళ్లతో మాట్లాడి ముందే తేల్చుకోండి. సి-41 రీలు మరీ పాతదై, వేడిలో ఉండి ఉంటే రంగులు ఎలాగూ వంకాయ రంగుకో ఆకుపచ్చకో తిరిగిపోయి ఉంటాయి, అలాంటప్పుడు నలుపు తెలుపుల్లో కడిగితే ముఖాలు ఇంకా స్పష్టంగా వస్తాయి. పదేళ్లు పదిహేనేళ్లదైతే నేను రంగుల్లోనే కడిగిస్తాను. వెంటనే ఇవ్వడం కుదరకపోతే రీలుని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా డబ్బా తెరవొద్దు, లేకపోతే తేమ పడుతుంది. విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే చెక్-ఇన్ సామానులో వేయకండి, చేతిలో పెట్టుకుని స్కానర్‌లో పెట్టకుండా చేత్తో చూడమని అడగండి. కొత్త సీటీ స్కానర్లు కడగని ఫిల్మ్‌ని బాగా దెబ్బతీస్తాయి.

కెమెరా కంటే విలువైనది ఇంకొకటి మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది, దాని గురించి మీరు అడగలేదు: పాత నెగెటివ్‌లు. ఆల్బమ్‌లో ఉండేవి ఆవిడ ఎంచుకుని ప్రింటు వేయించినవి మాత్రమే. నెగెటివ్ పట్టీలో అన్నీ ఉంటాయి, వరుసలో, అంచున నంబర్లతో. ఆల్బమ్‌లో ఒక్కటే ఉన్న ఫోటోకి ముందు మూడుసార్లు ప్రయత్నించి ఉంటారు, ఎవరో కళ్లు మూశారని మళ్లీ తీసి ఉంటారు, ఆ వరుస చూస్తే ఆవిడ ఎలా ఆలోచించి తీసేవారో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మ ఫోటోలు తక్కువన్నారు కదా, ఆవిడ ఉన్న ఫ్రేములు దొరికే చోటు అదే. కాస్త వంకరగా, సరిగా ఫోకస్ కాకుండా, తల సగం తెగిపోయి ఉన్న ఫ్రేములు చూడండి. అవి కెమెరా ఇంకొకరి చేతిలో, బహుశా చిన్నప్పటి మీ చేతిలోనో మీ తమ్ముడి చేతిలోనో, ఉన్నప్పుడు తీసినవి. బాగా రాలేదని ప్రింటు వేయించి ఉండరు. నేల మీద ఆవిడ నీడ, అద్దంలోనో కిటికీలోనో కెమెరా పట్టుకున్న ఆవిడ రూపం, ఇలాంటివి కూడా చూస్తూ పోతే దొరుకుతాయి. నెగెటివ్‌లని అంచులతోనే పట్టుకోండి, పాత ప్లాస్టిక్ కవర్లు అంటుకుపోయి ఉంటే పీకకండి. వెనిగర్ వాసన వస్తుంటే ఆ ఫిల్మ్ పట్టీ రసాయనికంగా విరిగిపోతోందని అర్థం, వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి ముందు వాటినే స్కాన్ చేయించండి, ఎందుకంటే అది ఆగదు, పక్కవాటిని కూడా తొందరపెడుతుంది.

ఇప్పుడు కెమెరాకి వద్దాం. రీలు తీసేశాక ఇది పెద్ద కష్టమైన సంగతి కాదు, కె1000 చాలా మొండి యంత్రం. ముందు అడుగున బ్యాటరీ మూతని నాణెంతో తిప్పి తీయండి. లోపల ఒక బటన్ సెల్ ఉంటుంది, ఎల్ఆర్44 లేదా ఎస్ఆర్44. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే చేతులకి గ్లవ్స్ వేసుకుని, ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో కొంచెం తడిపి రుద్దండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కొత్తది వేసేటప్పుడు ఎస్ఆర్44 తీసుకోండి, ఎల్ఆర్44 వోల్టేజి వాడేకొద్దీ పడిపోతూ ఉంటుంది, ఎస్ఆర్44 చివరిదాకా దాదాపు ఒకేలా ఇస్తుంది. బ్యాటరీ పనిచేసేది వెలుతురు చూపించే ముల్లుకి, అంటే మీటరుకి, మాత్రమే. ముల్లు కదలకపోయినా షట్టర్ హాయిగా పనిచేస్తుంది, కాబట్టి మీటరు చచ్చిపోతే కెమెరా చచ్చిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. దీని మీటరుకి స్విచ్ లేదు, లెన్స్ మూత పెట్టి చీకటి చేయడమే ఆపడం. అమ్మగారి లెన్స్ మూత పోకుండా ఇన్నాళ్లూ ఉందంటే ఆవిడకి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

తర్వాత వెనక మూత తెరిచి, లెన్స్‌ని వెలుతురు వైపు పెట్టి, ఒక్కో వేగంలో కొన్నిసార్లు షట్టర్ నొక్కుతూ చూడండి. ఒక సెకను వేగంలో నిజంగా ఒక సెకనుసేపు తెరుచుకోవాలి, లోపల పళ్ల చక్రాల చిన్న చప్పుడు సాఫీగా వినిపించాలి. 1/1000లో ఫ్రేమంతా ఒక క్షణం మెరవాలి, ఒక పక్క చీకటిగా ఉంటే తెరలు సమానంగా పరిగెత్తడం లేదు. ఏళ్లుగా కదలని షట్టర్ మొదట్లో మొరాయించి, కొంతసేపు ఆడించాక దారికి రావడం నేను తరచూ చూస్తుంటాను, అందుకే మొదటి క్లిక్‌తో తీర్పు చెప్పొద్దు. లోపలి నల్లటి గుడ్డ తెరల్ని వేలితో ముట్టుకోవద్దు, అద్దాన్ని అసలే తుడవొద్దు, దాని మెరిసే పూత గాజు ముందు వైపునే ఉంటుంది, మెత్తటి బట్ట కూడా గీతలు పెడుతుంది. దుమ్ముంటే రబ్బరు బల్బుతో గాలి కొట్టండి. అద్దం మీద, పై స్క్రీన్ మీద కనిపించే చుక్కలు ఫోటోలో రావు. షట్టర్ బిగుసుకుంటే నూనె కొట్టమని ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు చెబుతారు. ఒక్క చుక్క కూడా వద్దు. స్ప్రే చేసే నూనెలు తెరల మీదకి, అపెర్చర్ రేకుల మీదకి పాకుతాయి, తర్వాత అది కడగడం అసలు రిపేరు కంటే పెద్ద పని అవుతుంది.

వెనక మూత గాడిలో, అద్దం పైకి లేచి తగిలేచోట సన్నటి నల్ల స్పాంజి ఉంటుంది. ఆ కాలం కెమెరాలన్నిటిలో అది కరిగి తారులా జిగటగా మారుతుంది, మీదీ అలాగే ఉంటుందని ముందే అనుకోండి. టూత్‌పిక్, ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో గోకి తీసి, కొత్త స్పాంజి పట్టీ అంటించాలి. ఓపికుంటే మీరే చేయొచ్చు, పడే తునకలు షట్టర్ తెరల మీద పడకుండా మధ్యలో కాగితం కప్పండి. ఇది చేయకుండా రీలు వేస్తే ఫోటోల అంచుల్లో ఎర్రటి, నారింజ చారలు వస్తాయి, అప్పుడు కెమెరా పాడైందని అనవసరంగా టెన్షన్ పడతారు.

లెన్స్‌లో పోగులు ఫంగస్. లెన్స్‌ని బాడీ నుంచి విప్పి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఒకవైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. అంచున నాలుగు పోగులైతే ఫోటోలో తేడా కనిపించదు. గాజంతా పాలపొరలా మసకగా ఉంటే బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. ఫంగస్ ఆమ్లాలు వదులుతుంది, అవి గాజు మీది పూతని, తర్వాత గాజుని కూడా తినేస్తాయి, కాబట్టి దీనికి మాత్రం ఆలస్యం మంచిది కాదు, తొందరగా శుభ్రం చేయిస్తే మచ్చ లేకుండా పోతుంది. ఎండలో పెడితే చస్తుందని చెబుతారు, అతినీలలోహిత కిరణాలు ఎదుగుదలని ఆపుతాయి గానీ ఉన్న పోగుల్ని తీసేయవు. పైగా లెన్స్ ఎండని ఒకచోట పోగుచేసి కింద ఉన్నదాన్ని కాలుస్తుంది. ఇంత కాలం ఆ ఫంగస్‌ని పెంచింది ఎక్కువగా ఆ తోలు కవరే. తోలు తేమ పట్టి ఉంచుతుంది. కవరుని దాచుకోండి, కెమెరాని మాత్రం దాంట్లో పెట్టకండి. సిలికా జెల్ వేసిన డబ్బాలో, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా ఉంచితే చాలు, జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

రిపేరు మనిషికి ఇచ్చేటప్పుడు నా మాట ఒకటి వినండి: పనిచేసేలా చేయమనండి, కొత్తదానిలా చేయమనొద్దు. అంచుల్లో రంగు పోయి లోహం బయటపడినచోట ఆవిడ వేళ్లు ఆనేవి, లివర్ పక్కన నున్నబడిన చోట బొటనవేలు. ఆ మెరుగు తీసేసి పెయింట్ వేస్తామనీ, పైన తొడుగు మార్చేస్తామనీ ఉత్సాహంగా చెప్పేవాళ్లుంటారు, వద్దనండి. తొడుగు అంచు లేస్తే మళ్లీ అంటించడం చాలు. మార్చిన ప్రతి ముక్కా తిరిగి ఇవ్వమనండి. పాత స్ట్రాప్ కుట్లు మాత్రం నమ్మలేం, దాన్ని తీసి దాచి, వాడటానికి కొత్తది వేయండి.

మొదటి రీలుగా అమ్మగారి డ్రాయర్‌లో దొరికిన పాత ఫిల్మ్ వేయాలనిపిస్తుంది. ఇప్పుడే వద్దు. ఫోటోలు పాడైతే తప్పు కెమెరాదా ఫిల్మ్‌దా అన్నది తేలదు. కొత్త రంగుల రీలు, 200దో 400దో, వేసి, ప్రతి ఫోటోకి వేగం, అపెర్చర్ కాగితం మీద రాసుకోండి. ఫిల్మ్ నాలుకని కుడివైపు చీలికలో దూర్చి, ఒకసారి లివర్ లాగి, చిల్లులు రెండు వైపులా పళ్లకి పట్టాయని చూసుకుని మూత వేయండి. రివైండ్ పిడిని తిప్పి వదులు తీసేయండి. ఆ తర్వాత లివర్ లాగిన ప్రతిసారీ ఎడమవైపు నాబ్ దానంతటదే తిరుగుతుండాలి. తిరగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదు, మీరు 36 ఫోటోలు తీసినా ఒక్కటీ పడదు. డయల్‌లో ఫిల్మ్ వేగం పెట్టండి, కన్ను పెట్టి చూసే ఫైండర్‌లో ముల్లు మధ్యకి వచ్చేలా వేగం, అపెర్చర్ తిప్పండి. మీటరు పనిచేయకపోతే, మంచి ఎండలో అపెర్చర్ ఎఫ్16 పెట్టి, 200 ఫిల్మ్‌కి దగ్గర్లో ఉండే 1/250 పెడితే సరిపోతుంది, మబ్బుగా ఉంటే ఎఫ్8.

ఇది చదువుతున్న మిగతావాళ్ల దగ్గర వేరే కెమెరాలు ఉంటే, కొన్ని మాటలు. కానన్ ఏఈ-1 బ్యాటరీ లేకుండా అసలు క్లిక్ మనదు, చచ్చిందనుకునే ముందు 6 వోల్టుల 4ఎల్ఆర్44 వేసి చూడండి. ఒలింపస్ ఓఎం-1, యాషికా ఎలక్ట్రో 35 లాంటివి పాదరసం బ్యాటరీలకోసం చేసినవి, అవి ఇప్పుడు రావు, అడాప్టర్ వాడాలి. ఓఎం-1లో నేరుగా 1.5 వోల్టుల సెల్ వేస్తే మీటరు తప్పు చెబుతుంది. లోపల పాత పాదరసం సెల్ ఉంటే చెత్తబుట్టలో వేయకండి. జెనిట్-ఇ మీటరుకి బ్యాటరీయే అక్కర్లేదు. జోర్కి, ఫెడ్ కెమెరాల్లో షట్టర్ ఎక్కించాకే వేగం మార్చాలి, ముందు తిప్పితే లోపల విరగొచ్చు. రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో (లెన్స్‌లోంచి కాకుండా వేరే కిటికీలోంచి చూసేవి) గుడ్డ తెర ముందు అద్దం ఉండదు కాబట్టి లెన్స్ మూత తీసి ఎండకి పెడితే తెరకి చిల్లు పడుతుంది. పాత ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లు విప్పొద్దు, లోపలి కెపాసిటర్ గట్టి షాక్ కొడుతుంది, వాటిని డిజిటల్ కెమెరా మీద కూడా పెట్టొద్దు.

మీ తమ్ముడి మాటకి వస్తే, కె1000 అరుదైన కెమెరా కాదు, లక్షల్లో తయారయ్యాయి, అమ్మితే పెద్దగా ఒరిగేదీ ఉండదు. వాడాలనిపించి ఇంకో కె1000 కావాలంటే ఎప్పుడైనా దొరుకుతుంది. ఆయన బహుశా పాత సామాను పెరుగుతోందనే అంటున్నారేమో. ముందు రీలు కడిగించి, నెగెటివ్‌లు స్కాన్ చేయించి, ఆ స్కాన్‌లు ఆయనకి పంపండి. అమ్మాలా వద్దా అన్న మాట ఆ తర్వాత మాట్లాడుకోండి, అప్పటికీ ఇద్దరికీ అమ్మడమే సరి అనిపిస్తే అమ్మండి, అందులో తప్పేమీ లేదు. ఆయన దగ్గర మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా ఉంటే చిన్న అడాప్టర్‌తో ఇదే 50 మి.మీ. లెన్స్ దానికి తగిలించొచ్చు, ఫోకస్, అపెర్చర్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. బాడీ మీ దగ్గర, లెన్స్ కొన్నాళ్లు ఆయన దగ్గర ఉన్నా నష్టం లేదు.

రేపు పిడి తిప్పి చూసి, బిగుసుకుందో లేదో చెప్పండి. రీలు బయటికి వస్తే దాని మీద రాసి ఉన్నదంతా స్పష్టంగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏఎస్ఏ డయల్ ఫోటో కూడా. అది చూసి రంగుల్లో కడిగించాలా, నలుపు తెలుపుల్లోనా, ల్యాబ్ వాళ్లకి ఏం రాసి ఇవ్వాలో వివరంగా చెబుతాను.